బెసలేలు నేర్పు, అహరోను జవాబు: కళాసృజనను గూర్చి ఒక విమర్శ

మా తరగతిలో జరిగిన ఒక చిన్న సంగతితో ప్రారంభిస్తాము. ఆరాధనను గూర్చిన పాఠము జరుగుతుండగా ఒక విద్యార్థి తాను వ్రాసిన పాట వినిపించాడు. పల్లవి బాగుంది. రెండవ చరణానికి వచ్చేసరికి తాళము తప్పింది. మూడవ చరణములో పల్లవిలోని భావమే వేరే మాటలతో మళ్ళీ వచ్చింది. తోటి విద్యార్థి ఒకరు ఆ సంగతి మర్యాదగానే చెప్పారు. పాట వ్రాసిన తమ్ముడు నొచ్చుకోలేదు, కోపపడలేదు. ఎంతో వినయముగా, "అయ్యా, ఈ పాట నేను వ్రాసినది కాదండి. తెల్లవారుజామున ప్రార్థనలో ఉండగా ప్రభువు ఇచ్చాడు. పది నిమిషాలలో వచ్చేసింది" అన్నాడు. తరగతి నిశ్శబ్దమైపోయింది. ప్రభువు ఇచ్చిన పాటలో తాళము తప్పిందని ఎవరు అంటారు?

ఈ జవాబు ఆ తమ్ముడు ఒక్కడే చెప్పేది కాదు. పాటల పుస్తకాల ముందుమాటలలో, ఒకప్పుడు క్యాసెట్ల అట్టలమీద, ఈనాడు ఆరాధన మధ్యలో పాట పరిచయము చేసే మాటలలో మనము తరచుగా వింటున్నదే. దాని వెనుక ఉన్న భక్తిని మేము శంకించడము లేదు. తన్ను తాను పొగడుకొనక మహిమను దేవునికి చెల్లించాలనే కోరిక అందులో ఉంది. అయితే అందులో ఒక సిద్ధాంతము కూడా ఉంది. కళ అంటే ఏమిటి, అది ఎక్కడినుండి వస్తుంది, దానిని చేసినవానికి దానితో ఏమి సంబంధము అనే ప్రశ్నలన్నిటికీ అది ఒక్క మాటలో జవాబు చెప్పేస్తుంది. ఆ జవాబు వాక్యానుసారమైనదేనా అని నిర్గమకాండము 31 నుండి 39 వరకు గల అధ్యాయాల వెలుగులో పరీక్షించడము ఈ వ్యాసము ఉద్దేశము. కళను గూర్చి వ్రాసే వేదాంత విద్యార్థులు సాధారణముగా ఆదికాండము మొదటి అధ్యాయముతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. మేము అక్కడ కొద్దిసేపే నిలుస్తాము.

సృష్టి అనే మాట

సృష్టి, సృజన అనే రెండు మాటలూ ఒకే ధాతువునుండి వచ్చినవి. కనుక కవిని సృష్టికర్త అనడము తెలుగు చెవికి వింతగా తోచదు. తొమ్మిదవ శతాబ్దపు ఆలంకారికుడు ఆనందవర్ధనుని ధ్వన్యాలోకములోనే కవిని కావ్యలోకానికి ప్రజాపతితో పోల్చడము కనబడుతుంది. ఆ లోకము కవి ఇష్టము చొప్పున మారుతుందని అక్కడి భావము. ఈనాడు ఆ పోలిక పలుచబడి, బడి పిల్లవాని బొమ్మ మొదలుకొని సబ్బు ప్రకటన వరకు సమస్తమూ "సృజనాత్మకము" అయిపోయింది.

హెబ్రీ బైబిలు ఈ విషయములో మాటను బిగించి పట్టుకొంటుంది. సృష్టించుట అనే అర్థములో 'బారా' అనే క్రియకు దేవుడు తప్ప మరెవరూ ఎక్కడా కర్తగా కనబడరు. ఏ ముడిసరుకుతో చేశాడు అనే మాట కూడా ఆ క్రియకు తోడుగా రాదు. మనుష్యుల పనికి వాడే సాధారణమైన మాట 'ఆసా', అంటే చేయుట. దేవుడు ఆకాశమండలమును చేసినప్పుడూ ఆ మాటే, పనివాడు బల్లను చేసినప్పుడూ ఆ మాటే, చెట్టు కాయలు కాచినప్పుడూ (ఆది 1:11) ఆ మాటే. మనిషి చేస్తాడు, ముందే ఉన్నదానితో చేస్తాడు. చెక్క ఉండాలి, లోహము ఉండాలి, భాష ఉండాలి, తనకంటె ముందు ఎవరో పాడిన రాగము ఉండాలి.

డరతీ సేయర్స్ 1941లో ప్రచురించిన 'ది మైండ్ ఆఫ్ ద మేకర్' అనే గ్రంథము మన గ్రంథాలయాలలో కళను గూర్చి అడిగినవారికి మొదట దొరికే పుస్తకాలలో ఒకటి. దేవుడు తన స్వరూపమందు నరుని చేశాడనే చోటికి వచ్చేసరికి దేవుని గూర్చి మనకు చెప్పబడినది ఆయన సృష్టించాడనే ఒక్క సంగతే గనుక, ఆ స్వరూపము చేయాలనే కోరికలోను చేయగల సామర్థ్యములోను ఉన్నదని ఆమె వాదన. ఆమె పుస్తకమునుండి మేము ఎంతో నేర్చుకొన్నాము. ముఖ్యముగా, పని దానంతట అది మంచిదై ఉండాలి, మంచి ఉద్దేశము చెడ్డ పనికి సాకు కాదు అనే ఆమె పట్టుదల మన సంఘాలకు చాలా అవసరము. అయినా ఆమె పోలిక కళాకారుని సృష్టికర్త ప్రక్కన నిలబెడుతుంది. ఆదికాండము ఆ స్థానాన్ని ఎవరికీ ఇవ్వలేదు. కళాకారుని స్థానము ఎక్కడో తెలియాలంటే సీనాయి అడుగున వేసిన గుడారాల మధ్యకు వెళ్ళాలి.

గుడారపు పనివాడు

నిర్గమకాండము 31లో దేవుడు మోషేతో ఒక పనివాని పేరు చెప్పాడు. యూదా గోత్రపువాడు, హూరు మనుమడు, ఊరి కుమారుడైన బెసలేలు. ఇంటిపేరుతో, గోత్రముతో, తాత పేరుతో సహా చెప్పాడు. దేవుని ఆత్మతో నింపబడినవాడని లేఖనములో పేరు పెట్టి చెప్పబడిన మొదటి మనిషి ఇతడే. యోసేపును గూర్చి ఫరో అన్న మాట (ఆది 41:38) ఉంది గాని అక్కడ నింపబడుట అనే మాట లేదు. నిర్గమ 28:3లో యాజక వస్త్రములు కుట్టేవారిని గూర్చి జ్ఞానాత్మతో నింపబడుట అనే మాట ఉంది గాని అక్కడ పేర్లు లేవు. గమనించవలసినదేమంటే వారూ చేతిపనివారే. ప్రవక్తకంటె ముందు, రాజుకంటె ముందు, ఆత్మపూర్ణుడని పిలువబడినవాడు బంగారము, వెండి, ఇత్తడి, రత్నాలు, కర్రతో పనిచేసే మనిషి.

అతడు దేనితో నింపబడ్డాడు? హొక్మా, తెబూనా, దఅత్ అనే మూడు మాటలు అక్కడ ఉన్నాయి. జ్ఞానము, వివేచన, తెలివి అని స్థూలముగా అనుకోవచ్చు. ఈ మూడే సామెతలు 3:19-20లో యెహోవా భూమిని, ఆకాశమును, అగాధజలములను ఏర్పరచిన విధానానికి వాడబడ్డాయి. 'పని' అనే అర్థముగల 'మెలాఖా' కూడా అలాంటిదే. ఆదికాండము 2:2లో దేవుడు ముగించిన పనికి, ఇక్కడ బెసలేలు పనికి అదే మాట. బారా అనే మాట బెసలేలుకు ఇవ్వబడలేదు. కాని దేవుని పనికి వాడిన ఇతర మాటలన్నీ ధారాళముగా ఇవ్వబడ్డాయి.

నాలుగవ వచనములో 'మహషావోత్' అనే మాట వస్తుంది. ఆలోచించి రూపొందించిన పనులు అని దాని భావము. ధాతువు 'హాషవ్', అంటే లెక్కించుట, ఎంచుట. అబ్రాహాము విశ్వాసము అతనికి నీతిగా ఎంచబడింది అనే చోట (ఆది 15:6) ఉన్న ధాతువే ఇది. అంటే ఆత్మ నింపినప్పుడు బెసలేలు లెక్క చూచుకొనడము మానలేదు; కొలవడము, ఆలోచించడము మొదలుపెట్టాడు. ఆత్మ అతని బుద్ధిని ప్రక్కకు నెట్టలేదు.

మన తెలుగు బైబిలు అనువాదకులు ఈ చోట 'నేర్పు' అనే మాట వాడారు. ఇంతకంటె చక్కని మాట దొరకదని మా అభిప్రాయము. నేర్పు అంటే నైపుణ్యము. అదే మాట క్రియ అయినప్పుడు మరొకరికి నేర్పించడము. నేర్చుకొన్నవానికే నేర్పు ఉంటుంది, ఉన్నవాడే నేర్పుతాడు. నిర్గమ 35:34 సరిగ్గా ఆ సంగతే చెబుతుంది. దాను గోత్రపువాడైన అహోలీయాబుకూ బెసలేలుకూ ఇతరులకు బోధించాలనే బుద్ధిని దేవుడు పుట్టించాడు. బోధించడానికి వీలుగా ఉన్నదంటే, తప్పు ఇదీ ఒప్పు ఇదీ అని చూపించడానికి వీలుగా ఉన్నదన్న మాట. చెప్పడానికి రాని, దిద్దడానికి వీలులేని ఆవేశముగా ఆత్మ వరము ఇక్కడ కనబడదు. బెసలేలు ఆ విద్య ఎక్కడ నేర్చుకొన్నాడో గ్రంథము చెప్పలేదు. ఐగుప్తులో దాస్యము చేసిన జనమునుండి వచ్చినవాడు గనుక, బానిసగా నేర్చిన పనినే విడుదల పొందినవాడిగా చేశాడని ఊహించడము తప్పు కాకపోవచ్చు.

మంటలోనుండి వచ్చిన దూడ

31వ అధ్యాయము బెసలేలు నియామకముతోను, విశ్రాంతిదినపు ఆజ్ఞతోను ముగుస్తుంది. పుట త్రిప్పగానే 32వ అధ్యాయములో బంగారు దూడ. ప్రసంగాలలో ఈ రెండు అధ్యాయాలను విడదీసి చెబుతాము గనుక వాటి పొందిక మనకు కనబడదు. సరుకు ఒక్కటే, జనుల వంటిమీది బంగారము. చేతిపని కూడా తక్కువది కాదు. అహరోను పోగరతో రూపము దిద్దాడని తెలుగు బైబిలు అంటుంది. అక్కడి హెబ్రీ మాటను సంచి లేక అచ్చు అని చదివే పండితులూ ఉన్నారు. ఎలా చదివినా అహరోను చేతులు పనిచేశాయి. కళకు వ్యతిరేకముగా ప్రసంగించేవారు ఈ అధ్యాయాన్ని ఎత్తి చూపుతారు గాని, ఆ ముందు అధ్యాయములోనే కెరూబుల రూపాలు చేయడానికి దేవుడు పనివానిని పేరు పెట్టి పిలిచాడని మరచిపోతారు.

మోషే దిగివచ్చి నిలదీసినప్పుడు అహరోను ఇచ్చిన జవాబు (32:24) మా వ్యాసానికి కేంద్రము. జనులు బంగారము ఇచ్చారు, తాను దానిని అగ్నిలో వేశాడు, ఈ దూడ అయింది! మధ్యలో తన చేతి పనిని మింగేశాడు. పోగర ఎటుపోయింది? రూపము దిద్దిన గంటలు ఎటుపోయాయి? అహరోను లెక్కప్రకారము ఆ దూడకు కర్త లేడు. మంట ఇచ్చింది, వచ్చేసింది.

గ్రంథకర్త దీనిని నమ్మలేదు. నాలుగవ వచనములో చేసింది అహరోనే అని ముందే చెప్పాడు. అధ్యాయము చివరి వచనములో (32:35) మళ్ళీ చెప్పాడు. అక్కడి హెబ్రీ వాక్యము వినడానికి కొంచెము ఇబ్బందిగా ఉంటుంది: జనులు చేసిన దూడ, దానిని అహరోను చేశాడు అని 'ఆసా' క్రియ రెండుసార్లు వస్తుంది. చేయించుకొన్నవారూ చేసినవారే, చేసినవాడూ చేసినవాడే. ఆ వాక్యములో మంటకు ఏ పాత్రా లేదు.

ఇప్పుడు 36 నుండి 39 వరకు చదవండి. మనలో చాలామంది ఆ అధ్యాయాలను దాటవేస్తారు. తెరలు, కొలుకులు, దిమ్మలు, మేకులు, మళ్ళీ తెరలు. విసుగు పుట్టించే ఆ పట్టికలలో ఒకే క్రియ మరల మరల మోగుతుంది: చేసెను, చేసెను, చేసెను. మందసము దగ్గర (37:1) బెసలేలు పేరు ప్రత్యేకముగా ఎత్తి చెప్పబడింది. మందసము దానంతట అది కాలేదు. ఒక మనిషి తుమ్మకర్ర కోసి, కొలిచి, బంగారు రేకు పొదిగి చేశాడు. దేవుని ఆత్మ నింపినవాడు చేశాడు గనుక చేసినవాడు దేవుడే అనే మాట ఆ నాలుగు అధ్యాయాలలో ఒక్కచోట కూడా రాదు. చివరికి 39:43లో మోషే పనినంతటిని చూచి, ఆజ్ఞ ప్రకారము ఉన్నదని కనుగొని, అప్పుడు వారిని దీవించాడు. ముందు చూపు, తరువాత దీవెన. ఆత్మపూర్ణుడు చేసిన పనికి పరీక్ష ఎందుకని ఎవరూ అడుగలేదు.

రబ్బీల సంప్రదాయములో ఒక కథ ఉంది. దూడ చేయడానికి అడ్డు వచ్చిన హూరును జనులు చంపారని, అది చూచి అహరోను భయపడ్డాడని. లేఖనములో ఈ కథ లేదు. కాని ఆ హూరు మనుమడే బెసలేలు అయితే, గుడారము కట్టిన చేతుల వెనుక ఎంత దుఃఖము ఉండి ఉంటుందో ఆ కథ చెప్పినవారికి తెలుసుననిపిస్తుంది.

ఈ ఆలోచన ఎక్కడిది?

"నేను చేయలేదు, వచ్చింది" అనే కళాసిద్ధాంతము నిర్గమకాండములో అహరోను నోట తప్ప కనబడకపోతే, అది మనలోకి ఎక్కడినుండి వచ్చింది? దాని పాత చిరునామా గ్రీసు దేశము. ప్లేటో 'ఐయోన్' అనే చిన్న సంభాషణలో, కవులు తమ విద్యచేత పాడరని, దేవత వారి బుద్ధిని తీసివేసి వారిని తన పనిముట్లుగా వాడుకొంటుందని సోక్రటీసు చేత చెప్పిస్తాడు. అయస్కాంతము ఇనుప ఉంగరాలను పట్టి లాగినట్లు ఆ ఆవేశము దేవతనుండి కవికి, కవినుండి పాఠకునికి ప్రాకుతుందట. అది పొగడ్తలా కనబడుతుంది గాని నిజానికి ఎత్తిపొడుపు. కవికి ఏమీ తెలియదు గనుక అతనిని ఏమీ అడుగనక్కరలేదని దాని సారాంశము. రెండువేల ఏండ్లు గడచిన తరువాత, 1790లో కాంట్ ప్రతిభను నిర్వచిస్తూ, ప్రతిభావంతునికి తన ఆలోచనలు ఎలా వచ్చాయో తనకే తెలియదని వ్రాశాడు. అతడు దేవతకు బదులు ప్రకృతిని పెట్టాడు, అంతే. ఆ తరువాత వచ్చిన కాల్పనిక కవులు ఆ మాటను ప్రపంచమంతా చాటారు. మన పాటల పుస్తకాల ముందుమాటలలో ప్రకృతికి బదులు పరిశుద్ధాత్మ అనే పేరు పెట్టబడింది. పేరు మారినా నమూనా ప్లేటోదే.

మన విద్యార్థులను మరొక ప్రశ్న అడగాలని ఉంది. లేఖన ప్రేరణ సిద్ధాంతము చదివేటప్పుడు, పరిశుద్ధ గ్రంథకర్తలు కలములవలె వాడబడ్డారనే యాంత్రిక వాదాన్ని మనము ఒప్పుకోము. లూకా తాను మొదటినుండి విచారించి వరుసగా వ్రాస్తున్నానని చెప్పుకొన్నాడు గదా అంటాము. పౌలు శైలి వేరు, యోహాను శైలి వేరు అంటాము. లేఖనానికే ఒప్పుకోని యాంత్రిక వాదాన్ని నిన్న రాత్రి వ్రాసిన పాటకు ఒప్పుకొంటున్నాము! కొరింథు సంఘములో ప్రవచించేవారినే ఇతరులు వివేచింపవలెనని పౌలు ఆదేశించాడు. ప్రవక్తల ఆత్మలు ప్రవక్తల స్వాధీనములో ఉన్నవన్నాడు (1 కొరింథీ 14:29-32). ప్రవచనానికి లేని మినహాయింపు పాటకు ఎక్కడిది?

మన దేశపు ఆలంకారికులు ఈ విషయములో ప్లేటోకంటె బెసలేలుకు దగ్గరగా ఉన్నారు. పదకొండవ శతాబ్దపు మమ్మటుడు కావ్యప్రకాశములో కవికి సహజమైన శక్తి, లోకమును శాస్త్రమును చూచి సంపాదించిన నిపుణత, తెలిసినవారి దగ్గర చేసిన అభ్యాసము ఈ మూడూ కలిసి ఒకే కారణమవుతాయన్నాడు. ఒకటి ఉంటే చాలదు. పదిహేడవ శతాబ్దములో తెలుగువాడైన జగన్నాథ పండితరాయలు రసగంగాధరములో దీనిని కాదని, ప్రతిభ ఒక్కటే కారణమన్నాడు. ఇక్కడ ఐయోన్ పక్షము గెలిచినట్లు కనబడుతుంది. కాని ఆ ప్రతిభ ఎలా కలుగుతుందని అడిగితే, కొందరికి దైవానుగ్రహము వలన, మరికొందరికి పాండిత్యాభ్యాసాల వలన అని అతడే విడమరచి చెప్పాడు. అనుగ్రహమూ అభ్యాసమూ ఒకదానికొకటి శత్రువులని వీరెవరూ అనుకోలేదు. ఇతర మతస్థుల శాస్త్రము మనకెందుకని అడిగేవారు 1 రాజులు 7:14 చూడవచ్చు. తూరు పట్టణస్థుని కుమారుడైన హీరాము అనే ఇత్తడి పనివానికి కూడా బెసలేలుకు చెప్పిన ఆ మూడు మాటలే చెప్పబడ్డాయి.

మన ఇద్దరు కవులు

ఇదంతా మన తెలుగు క్రైస్తవ కళలో ఎలా కనబడుతుందో చూద్దాము. పురుషోత్తమ చౌదరి (1803-1890) కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో ఈనాటికీ పాడుకొంటున్నాము. ఆయన కొత్త సంగీతరూపము కనిపెట్టలేదు. 1833లో బాప్తిస్మము పొందకముందే తెలుగుదేశములో వేళ్ళూనిన కీర్తన రూపాన్ని, పల్లవి చరణాల కట్టుబాటును, రాగతాళాలను తీసికొని వాటిలో క్రీస్తును పాడాడు. ఆ పుస్తకములో ప్రతి కీర్తన నెత్తిన రాగము, తాళము పేర్లు అచ్చువేసి ఉంటాయి. ఆ చిన్న పంక్తిని మేము ఒక ఒప్పుకోలుగా చదువుతాము. ఈ పాట ఫలానా దారిలో నడుస్తుంది, తప్పితే దిద్దవచ్చు అని పాటే చెప్పుకొంటున్నది. మన సంఘాలలో ఆ పంక్తిని చదివేవారు ఎందరు? గిటారు వచ్చిన తరువాత ఆ పంక్తి అలంకారమైపోయింది. గిటారుమీద మాకు పగ లేదు. దానికీ ఒక నేర్పు ఉంది, దానినీ ఎవరూ నేర్పడము లేదనేదే మా బాధ.

రెండవవారు గుఱ్ఱం జాషువ. 1895లో వినుకొండలో పుట్టిన ఈ కవి క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చింది. పాస్టర్లకు ఆ గ్రంథము పేరు తెలిసినంతగా గబ్బిలము (1941) తెలియదు. మా దృష్టిలో సృజన స్వభావము అర్థము కావడానికి గబ్బిలమే మంచి పాఠము. సందేశకావ్యము అనే రూపము కాళిదాసుది. మేఘసందేశములో యక్షుడు మేఘాన్ని ప్రియురాలి దగ్గరికి పంపాడు. జాషువ ఆ రూపాన్ని పూర్తిగా ఉంచి, పంపేవానిని, దూతను మార్చాడు. పంపేవాడు అంటరానివాడు. దూత గబ్బిలము. సందేశము కాశీలోని శివునికి. గబ్బిలమే ఎందుకు? ఆ పేదవాని గుడిసెలోకీ, అతనికి ప్రవేశములేని గుడిలోకీ అడ్డులేకుండా వెళ్ళగలిగేది అది గనుక. ఆ ఒక్క మార్పుతో పాత రూపము మొత్తము నిలదీసే గొంతు అయిపోయింది. ఇందులో శూన్యమునుండి వచ్చినది ఏదీ లేదు. కాళిదాసు ఉన్నాడు, పద్యము ఉంది, గుడిసె చూరున వ్రేలాడే జీవి ఉంది, జాషువ అనుభవించిన అవమానము ఉంది. ఎంచడము, తూచడము, కలపడము ఆయన పని. హెబ్రీలో హాషవ్ అనేది ఇదే అని మా భావన. ఆ కావ్యములో వేదాంతదృష్టితో చర్చించవలసినవి ఉన్నాయి, దేవుని ఎవరి పేరుతో పిలిచాడనే ప్రశ్న ఉంది. ఆ చర్చకు భయపడి పుస్తకాన్నే తెరవకపోవడము మనకు తగదు.

తోళ్ళు

ఇక మన సంఘాలకు దగ్గరగా ఉన్న, మనము చెప్పుకోవడానికి ఇష్టపడని ఒక సంగతి. ప్రత్యక్ష గుడారము పైకప్పు దేనితో చేశారు? ఎఱ్ఱరంగు వేసిన పొట్టేళ్ళ తోళ్ళతో, వాటిమీద మరొక వరుస తోళ్ళతో (36:19). బయటినుండి చూచేవానికి కనబడేది బంగారము కాదు, తోలు. దేవుని నివాసాన్ని వానకు ఎండకు కాపాడినది తోలుపని. ఆ పని చేసినవారూ జ్ఞానహృదయులే. 35:25-26లో వడికిన స్త్రీల చేతిపనికి కూడా ఆ జ్ఞానము అనే మాటే ఉంది. లలితకళలు వేరు, చేతిపనులు వేరు అనే గీత ఐరోపాలో పద్దెనిమిదవ శతాబ్దములో గట్టిపడింది. 1746లో బత్తో వ్రాసిన గ్రంథము దానికి ఒక మైలురాయి. మన దేశములో ఆ గీత ఇంకా పాతది, దానికి కులము అని పేరు.

తెలుగు సంఘచరిత్ర చదివినవారికి 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతములో ఒకే దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి తెలుసు. ఆ ఉద్యమానికి దారితీసినవారిలో ముఖ్యుడు 1866లో బాప్తిస్మము పొందిన యర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారము చేసిన మాదిగ సోదరుడు. ఆ జనుల చేతిలో ఒక విద్య ఉండేది: చెప్పు కుట్టడము, తోలు పదును చేయడము, కర్ర చట్రానికి తోలు బిగించి డప్పు కట్టడము, వాయించే ముందు దానిని మంటమీద కాచి శ్రుతికి తేవడము. గ్రామదేవతల జాతరలలో డప్పు కొట్టడము వారిమీద మోపబడిన చాకిరీ. విశ్వాసులు అది మానుకొన్నారు. మానుకోవడము న్యాయమే, అది విడుదల. అయితే చాకిరీతోపాటు డప్పు కూడా దేవాలయపు గడప బయటే ఉండిపోయింది. ఐగుప్తులో నేర్చిన పనిని అరణ్యములో దేవునికి చేసినట్లు ఇక్కడ జరుగలేదు. హార్మోనియము లోపలికి వచ్చింది. డప్పు చాలా చోట్ల రాలేదు.

దీనికి మన బైబిలు అనువాదము కూడా తెలియకుండానే తోడ్పడింది. ఎఱ్ఱసముద్రము దాటిన తరువాత మిర్యాము చేతపట్టినది (నిర్గమ 15:20), 150వ కీర్తన దేవుని స్తుతించడానికి వాడమన్నది, హెబ్రీలో 'తోఫ్'. గుండ్రని చట్రానికి తోలు బిగించి చేతపట్టి వాయించే వాద్యము అది. తెలుగులో అది 'తంబుర' అయింది. తంబుర అనగానే తెలుగువానికి కనబడేది ఒడిలో పెట్టుకొని మీటే తంతి వాద్యము. కాబట్టి మన ఆదివారపు బడి పిల్లల ఊహలో మిర్యాము కచేరీలో కూర్చొన్న విద్వాంసురాలిలా ఉంటుంది. ఆమె చేతిలో ఉన్నది ఊరిచివర పల్లెలో మ్రోగేదానికి చాలా దగ్గరి చుట్టమని వారికి ఎవరూ చెప్పలేదు. ఆ మాట ఎంచుకొన్నప్పుడు అనువాదకుల మనసులో ఏమున్నదో మేము ఊహించబోము. ఫలితము మాత్రము ఇది: తమ తాతలు చేసినది కళ అని మన సంఘములో సగముమంది ఎన్నడూ వినలేదు. అటువంటివానికి తన పాట తన నేర్పు అని చెప్పుకొనే ధైర్యము ఎక్కడినుండి వస్తుంది? "ప్రభువు ఇచ్చాడు, నాదేమీ లేదు" అనే మాటలో భక్తితోపాటు ఆ బెదురు కూడా కొంత ఉన్నదని మాకు అనిపిస్తుంది. అందుకే ఆ మాటను విమర్శించేటప్పుడు మా గొంతు తగ్గించుకొంటాము. అహరోనుకు అధికారము ఉంది, భయము వలన దాచుకొన్నాడు. మన తమ్మునికి తనదని చెప్పుకొనే అలవాటే ఎవరూ నేర్పలేదు.

పౌలు తన్ను తాను నేర్పరియైన శిల్పకారుడని చెప్పుకొన్నాడు (1 కొరింథీ 3:10). అక్కడి గ్రీకు మాట 'అర్ఖితెక్తోన్'. బెసలేలు చేసిన పనికి సెప్తువజింతు అనువాదకులు నిర్గమ 31:4లో వాడిన క్రియ అదే కుటుంబానికి చెందినది. తనకు అనుగ్రహింపబడిన కృప చొప్పున పునాది వేశానని పౌలు అన్నాడు, వేసినది తానే అనీ అన్నాడు. కృప పేరు చెప్పి పనిని దాచలేదు, పని పేరు చెప్పి కృపను దాచలేదు. అదే చోట అగ్ని మాట కూడా వస్తుంది. ప్రతివాని పని ఎటువంటిదో అగ్ని పరీక్షిస్తుంది. అహరోను దూడను అగ్నిమీదికి నెట్టాడు. పౌలు దగ్గర అగ్ని ఏమీ చేసి పెట్టదు, చేసినదాన్ని చూస్తుంది.

ఆ రోజు తరగతిలో మేము ఆ విద్యార్థిని ఒక ప్రశ్న అడిగాము. ప్రభువు ఇచ్చాడు సరే, ఆ వరుస ఎక్కడిది? అతడు కొంచెము ఆలోచించి, చిన్నప్పుడు కలుపు తీసేటప్పుడు నాయనమ్మ పాడే పాట వరుస అన్నాడు. ఆ సంగతి చెబుతున్నప్పుడు అతని ముఖము మారింది. మరుసటి వారము పాట మళ్ళీ తెచ్చాడు. రెండవ చరణము తాళములో నిలబడింది. కాగితము పైన ఎడమప్రక్క, మొదటిసారి ఖాళీగా ఉన్నచోట, "నాయనమ్మ వరుస" అని, దాని క్రింద తన పేరు వ్రాసుకొన్నాడు. మూడవ చరణము మాత్రము ఇంకా పల్లవినే చెబుతున్నది. దానిని గూర్చి వచ్చే తరగతిలో మాట్లాడాలి.